మా కేసులు చదివేవారు కావాలి: పశువైద్య మండలికి ఒక మండల డాక్టరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత పశువైద్య మండలి అధ్యక్షులకు, సభ్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర పశువైద్య మండళ్ల పెద్దలకు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఆచార్యులకు నమస్కారాలు.

నేను పల్నాడు ప్రాంతంలో ఒక మండల పశువైద్యశాలలో పనిచేస్తున్న వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. తిరుపతి కాలేజీ ఇంకా ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న రోజుల్లో, 2003లో, అక్కడ బి.వి.ఎస్సీ. పూర్తిచేశాను. ఆ తరువాత ఇంతవరకు నేను ఏం నేర్చుకున్నానో, ఏం నేర్చుకోలేదో నన్ను అడిగినవారు లేరు. ఈ లేఖలో నేను కోరేది ఒక్కటే. రోజూ పశువులకు వైద్యం చేస్తున్న డాక్టర్లు ఉద్యోగాన్ని, ఊరిని, ప్రాక్టీసును వదలకుండా, తమకు అవసరమైన విషయాన్ని తామే ఎంచుకుని, తమ వేగంతో చదువుకుని, తాము స్వయంగా చూసిన కేసుల ఆధారంగా ఒక పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ సంపాదించుకునే మార్గాన్ని మండలి ఏర్పాటు చేయాలి, మన విశ్వవిద్యాలయాలు దానికి పరీక్షకులుగా నిలవాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే 2009 వేసవిలో ఒక రాత్రి సంగతి చెప్పాలి.

మూడో ఈత ముర్రా గేదె. నెలలు నిండి ముందురోజు నుంచి ముక్కుతోంది, నీటి సంచి కనబడలేదు. నాకు ఫోన్ వచ్చేసరికి రాత్రి పది అయింది. చెయ్యి పెట్టి చూస్తే దారి నేరుగా లేదు, కుడివైపుకు తిరిగిన మడతలు వేళ్లకు తగిలాయి. గర్భసంచి మెలిక పడింది. ముర్రా గేదెల్లో ఈనలేకపోవడానికి తరచుగా కనబడే కారణాల్లో ఇది ఒకటి కనుక మాకు కొత్తది కాదు. ముందుకాళ్లు, వెనకకాళ్లు వేరువేరుగా కట్టి, గేదెను కుడిపక్కకు పడవేసి, పొట్ట మీద పొడవాటి బల్లచెక్క ఏటవాలుగా ఆనించి, దాని కొస మీద ఒక మనిషిని నిలబెట్టి, మోకులు పట్టుకుని మెలిక ఉన్న వైపుకే నిదానంగా దొర్లించాం. చెక్క బరువుకు గర్భసంచి కదలకుండా ఉంటే శరీరం తిరిగి దాన్ని కలుసుకుంటుంది, మెలిక విడిపోతుంది. రెండో దొర్లింపుకే విడిపోయింది. చెయ్యి లోపలికి సాఫీగా వెళ్లింది, నీళ్లు కారాయి, చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఇంటి పెద్దావిడ వేడినీళ్లు తెచ్చి, చెంబుతో నా మోచేతుల దాకా పోసి, సబ్బు అందించింది.

కానీ గర్భాశయ ముఖద్వారం మూడు వేళ్ల వెడల్పుకు మించి తెరుచుకోలేదు. మెలిక విడిపోయింది కాబట్టి తెల్లవారేసరికి అదే తెరుచుకుంటుందని నమ్మి, సెలైను, కాల్షియం పెట్టి, ఇంజెక్షన్లు చేసి, కూర్చున్నాను. తెల్లవారింది, తెరుచుకోలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఇక నావల్ల కాదని, గన్నవరం కాలేజీకి తీసుకెళ్లమని చెప్పాను. ట్రాక్టరు ట్రాలీలో దారిలోనే గేదె చనిపోయింది, దూడ అంతకుముందే పోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. పలుపు విప్పి చేతికి చుట్టుకుని వెనక్కి వచ్చాడు.

మర్నాడు నేను ఓ.పి. రిజిస్టరులో ఆ కేసును ఒక వరుసలో రాశాను. తేదీ, రైతు పేరు, ఊరు, గేదె, రోగం, ఇచ్చిన మందు. ఆ వరుసను నెలవారీ నివేదికలో ఒక అంకెగా కలిపాను. నా తరువాత ఆ అంకెను చూసినవారు దాన్ని మండలం మొత్తంలో, జిల్లా మొత్తంలో కలిపి ఉంటారు. ఆ గేదె ఎందుకు చనిపోయిందని ఏ స్థాయిలోనూ ఎవరూ అడగలేదు. అడగడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.

ఆరేళ్ల తరువాత ఒక శిక్షణకు వెళ్లినప్పుడు, టీ విరామంలో, గైనకాలజీ బోధించే ఒక గురువుగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు వేశారు. నొప్పులు మొదలై ఎన్ని గంటలైంది? మెలిక విడిపోయాక ముఖద్వారం అంచులు మెత్తగా ఉన్నాయా, గట్టిగా ఉన్నాయా? ఎంతసేపు ఆగావు? సిజేరియన్ ఆలోచన నీకు మొదటిసారి ఏ గంటకు వచ్చింది? నాలుగో ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ ఆలోచన నాకు రాలేదు. మెలిక పడి ఒకరోజు దాటిపోయిన గేదెల్లో మెలిక విడిపోయినా ముఖద్వారం తెరుచుకోకపోవడం బాగా తెలిసిన చిక్కేనని, అంచులు గట్టిగా ఉంటే గంటల తరబడి ఆగకుండా గేదెకు సత్తువ ఉండగానే ఆపరేషన్‌కు దిగాలని ఆయన చెప్పారు. పది నిమిషాల్లో ఆయన నేర్పిన ఆ పాఠం నాకు ఆరేళ్లు ఆలస్యంగా అందింది. ఆ ఆరేళ్లలో నేను ఇంకెన్ని పాకల్లో తెల్లవారేదాకా ఆగి కూర్చున్నానో నా నోట్‌బుక్కులో ఉంది.

అందుకే, అయ్యా, మా అవసరం ఉపన్యాసాలతో తీరేది కాదు. మా కేసును చదివి ఆ నాలుగు ప్రశ్నలు వేసే మనిషి కావాలి. ఆ మనిషి టీ విరామంలో అదృష్టవశాత్తు దొరికితే సరిపోదు, ఒక వ్యవస్థగా దొరకాలి.

అటువంటి వ్యవస్థ బ్రిటన్‌లో ఉంది. 1844లో రాజపత్రం ద్వారా ఏర్పడిన రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ అక్కడ మన మండలి చేసే పనే చేస్తుంది, అంటే డాక్టర్లను రిజిస్టర్ చేస్తుంది, ప్రమాణాలు నిర్ణయిస్తుంది. ఆ సంస్థ 2007లో సర్టిఫికెట్ ఇన్ అడ్వాన్స్‌డ్ వెటర్నరీ ప్రాక్టీస్ అనే అర్హతను ప్రవేశపెట్టింది. అంతకుముందు అక్కడ ఒక్కో విభాగానికి ఒక్కో సర్టిఫికెట్ ఉండేది, దాని బదులు మాడ్యూళ్లుగా, అంటే చిన్న చిన్న పాఠ్యభాగాలుగా, విడగొట్టిన ఈ పద్ధతి వచ్చింది. మొత్తం 60 క్రెడిట్లు. బ్రిటన్ విశ్వవిద్యాలయాల లెక్కలో ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల కృషి కనుక ఇది 600 గంటల పని, 180 క్రెడిట్ల పూర్తి మాస్టర్స్ డిగ్రీలో మూడో వంతు, కానీ స్థాయి మాత్రం మాస్టర్స్ స్థాయే. దాన్ని ఏళ్ల తరబడి, పదేళ్ల వ్యవధి దాకా, నిదానంగా పూర్తిచేసుకోవచ్చు. మొత్తం సర్టిఫికెట్ అక్కర్లేదనుకునేవారు తమకు కావలసిన ఒకటి రెండు మాడ్యూళ్లు మాత్రమే చేసుకోవచ్చు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పని పంచుకున్న తీరు. రాయల్ కాలేజ్ పాఠాలు చెప్పదు. ఏ మాడ్యూల్‌లో ఏం తెలిసి ఉండాలో, ఏం చేయగలగాలో రాసి ప్రకటిస్తుంది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం, లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజ్ వంటి సంస్థలకు పరీక్షించే అధికారం ఇస్తుంది. ఎలా చదువుకోవాలన్నది చాలావరకు డాక్టరు ఇష్టం. పుస్తకాలు చదువుకుంటాడో, సీనియర్ దగ్గర పనిచేస్తాడో, ఏదైనా కోర్సులో చేరతాడో అతనే నిర్ణయించుకుంటాడు. చివరికి పరీక్షకుల ముందు పెట్టాల్సినవి మాత్రం తన సొంత కేసుల డైరీ, వాటిలో కొన్నింటి మీద వివరమైన నివేదికలు, తాను చేసిన నిర్ణయాల మీద సమీక్ష. ఒకే విభాగానికి చెందిన మాడ్యూళ్లు పూర్తిచేసి, వాటన్నిటినీ కలిపి పెట్టే పరీక్షలో నెగ్గితే ఆ విభాగం పేరు కూడా సర్టిఫికెట్‌లో చేరుతుంది.

తిరుపతిలో నాతో చదివి, అక్కడి రిజిస్ట్రేషన్ పరీక్ష రాసి, ఇంగ్లండ్‌లో ఆవుల ప్రాక్టీసులో స్థిరపడిన మిత్రుడొకరు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తన కేసు డైరీ నాకు చూపించాడు. ఒక ఆవు పొట్టకు చేసిన ఆపరేషన్ గురించి రెండు పేజీలు రాశాడు. తరువాతి పేజీలో పరీక్షకుడి వ్యాఖ్య ఉంది. కుట్టు దగ్గర చీము పట్టిందని రాశావు కానీ ఆ యాంటీబయాటిక్‌నే ఎందుకు ఎంచుకున్నావో, ఆపరేషన్‌కు ఎంత ముందు ఇచ్చావో రాయలేదు, రాసి మళ్లీ పంపు. "దీనికే మూడు వారాలు పట్టిందిరా, ఆ తరువాత నేను ఆపరేషన్‌కు ముందు ఇంజెక్షన్ చేసే వేళే మారిపోయింది" అన్నాడు. ఆ పేజీని నేను చాలాసేపు చూశాను. నా గురువుగారు టీ కప్పు పక్కన పెట్టి అడిగిన ప్రశ్న అక్కడ కాగితం మీద ఉంది.

ఇటువంటిది బ్రిటన్‌కే పరిమితం కాదు. 1971లో మొదలైన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల పశువైద్య కాలేజీ కూడా కొన్నేళ్ల ప్రాక్టీసు అనుభవం ఉన్న డాక్టరు తనంతట తాను చదువుకుని మెంబర్‌షిప్ పరీక్ష రాయడానికి వీలు కల్పించింది. 1978లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ వెటర్నరీ ప్రాక్టీషనర్స్ ప్రాక్టీసులో ఉన్నవారి కోసమే పుట్టింది, అక్కడ కూడా అర్హతకు కేసు నివేదికలు అడుగుతూ వచ్చారు. ఆ దేశాల ప్రాక్టీసు వేరు, మనది వేరు, నిజమే. కానీ చేసిన పనిని రాయడం, రాసినదాన్ని తెలిసినవారు చదవడం ఏ దేశపు సొత్తూ కాదు.

మన దగ్గర ఇప్పుడున్న దారులేమిటో చూద్దాం. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక మండలిలో రిజిస్టర్ అవుతాం. ఆ తరువాత పైచదువు అంటే ఎం.వి.ఎస్సీ. అది రెండేళ్లు కాలేజీలో ఉండి చేసే చదువు, పరిశోధన, థీసిస్ దానికి ప్రాణం. నేను దాని విలువను తగ్గించడం లేదు, నాకు ఆ నాలుగు ప్రశ్నలు వేసిన గురువుగారు ఆ దారిలో వచ్చినవారే. కానీ మండలంలో ఒంటరిగా ఉన్న డాక్టరు రెండేళ్లు వెళ్లిపోతే ఆ మండలాన్ని పక్క మండలం డాక్టరు ఇన్‌ఛార్జిగా చూడాలి, అంటే రెండు మండలాలకూ సగం డాక్టరే మిగులుతాడు. నేను ఒకసారి చదువు సెలవుకు దరఖాస్తు పెట్టాను. ప్రత్యామ్నాయ ఏర్పాటు లేనందున సిఫారసు చేయలేమని రాసి పై కార్యాలయం తిప్పి పంపింది. ఆ మాటలో అన్యాయం లేదు. ఆ మాట ప్రతి మండలానికీ వర్తిస్తుంది కాబట్టే ఇంకో దారి కావాలంటున్నాను.

రెండోది, మండలి ప్రోత్సాహంతో జరిగే నిరంతర పశువైద్య విద్యా శిక్షణలు. వీటిలో నేను చాలా నేర్చుకున్నాను, ఆ మాట కృతజ్ఞతతో చెబుతున్నాను. అయితే రెండు మూడు రోజుల శిక్షణ తరువాత నా చేతికి వచ్చే సర్టిఫికెట్ నేను హాజరయ్యానని మాత్రమే చెబుతుంది. నేర్చుకున్నది తిరిగి నా పాకలోకి, పశువును నిలబెట్టి వైద్యం చేసే నా ట్రెవిస్‌లోకి వచ్చిందా లేదా అన్నది అది చెప్పలేదు. హాలులో చివరి వరుసలో ఫోను చూసుకుంటూ కూర్చున్నవారికీ, ప్రతి మాటా రాసుకున్నవారికీ ఒకే కాగితం వస్తోంది. రాసుకున్నవారు కూడా కొన్నాళ్లకు రాయడం మానేస్తున్నారు, ఈ సంగతి నాకు చాలా బాధ కలిగిస్తుంది.

డిగ్రీతో వచ్చిన చదువు సర్వీసంతా సరిపోదని మీకు చెప్పనక్కర్లేదు, అయినా నా ఒక్కడి కాలంలో ఏమేం మారాయో చూడండి. నేను చదువుకున్నప్పుడు నొప్పికి, జ్వరానికి డైక్లోఫెనాక్ మామూలు మందు. ఆ ఇంజెక్షన్ చేసిన పశువు చనిపోతే ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని తేలాక 2006లో పశువులకు నిషేధించారు. అదే కారణంతో నొప్పి మందులైన కెటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. కోళ్ల మేతలో కలుపుతూ వచ్చిన యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను, మనుషులకు చివరి ఆయుధంలాంటి మందు అది కాబట్టి, 2019లో ఆహారమిచ్చే జంతువులన్నిటికీ ఆపేశారు. మా పాఠ్యపుస్తకంలో ఆఫ్రికా రోగంగా నాలుగు వాక్యాల్లో చదువుకున్న ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) 2019లో ఒడిశాలో బయటపడి, 2022లో పశ్చిమ, ఉత్తర రాష్ట్రాల్లో పశువులను కుప్పలుగా చంపింది. ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం, చేతిలో పట్టే స్కానింగ్ యంత్రం మా పశువైద్యశాలల దాకా వచ్చాయి. వీటన్నిటి గురించీ మాకు సర్క్యులర్లు వచ్చాయి. సర్క్యులర్ ఏ మందు వాడకూడదో చెబుతుంది, దాని బదులు మెలాక్సికామ్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏ పశువుకు ఎంత, ఎన్నాళ్లు, పాలు ఎన్నాళ్లు ఆపాలి అన్న ఆలోచనను మాత్రం కేసు పక్కన కూర్చునే నేర్చుకోవాలి.

కాబట్టి మండలి ముందు నేను పెడుతున్న ప్రతిపాదన ఇది. మండలి మాడ్యూళ్ల ప్రమాణాలు రాయాలి, విశ్వవిద్యాలయాలు పరీక్షించాలి, డాక్టరు చదువుకోవాలి. అందరికీ ఉమ్మడిగా మొదట ఒక మాడ్యూల్ ఉండాలి. అందులో కేసును పూర్తిగా రాయడం, రైతుకు పరిస్థితి విడమరిచి చెప్పి అంగీకారం తీసుకోవడం, యాంటీబయాటిక్‌ల వాడకం, 1992 నాటి మన వృత్తి ప్రవర్తన నియమావళి, నొప్పి తగ్గించడం వంటివి ఉండాలి. రైతుతో మాట్లాడిన మాటలను తెలుగులోనే రికార్డు చేసి సమర్పించడానికి వీలుండాలి. చావుబతుకుల్లో ఉన్న గేదె యజమానికి ఆపరేషన్ ఖర్చునూ, ప్రమాదాన్నీ తెలుగులో తేటగా చెప్పగలగడం కూడా వైద్యమే, దాన్ని ఇంగ్లీషు వ్యాసంతో కొలవలేం.

మిగిలిన మాడ్యూళ్లు మన నేల అడిగేవి కావాలి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, 1.91 కోట్లు. ఆంధ్రప్రదేశ్ రెండోది, 1.76 కోట్లు. ఇన్ని గొర్రెలున్న చోట మంద ఆరోగ్యం మీద మాకున్న చదువు ఒక్కో గొర్రె రోగం మీద ఉన్నంత లేదు. చిటుకు రోగం, నీలినాలుక, పారుడు రోగం (పి.పి.ఆర్.) వచ్చాక వైద్యం చేయడం ఒక ఎత్తు, వలస మందకు ఏ నెలలో ఏ టీకా, ఏ నట్టల మందు, ఏ మేత బీడులో ఎన్నాళ్లు అన్నది కాపరితో కూర్చుని ఏడాది ప్రణాళిక వేయడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాన్ని ఒక డాక్టరు ఒక మంద వెంట ఏడాదిపాటు ఉండి రాసిన నివేదికతో కంటే బాగా పరీక్షించే మార్గం నాకు తోచడం లేదు. అలాగే పొదుగువాపు, పాల నాణ్యత. అలాగే ఊళ్లో, చెట్టు కింద, ఒక బకెట్టు నీళ్లతో చేయాల్సివచ్చే శస్త్రచికిత్స. చెత్తకుప్పల్లో మేసి ప్లాస్టిక్ సంచులు మింగిన ఆవు పెద్దపొట్ట కోసి తీసే ఆపరేషన్‌ను మాలో చాలామంది ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నవాళ్లమే. కోళ్ల ఫారాలు, పెంపుడు జంతువులు, పశువుల నుంచి మనుషులకు సోకే రోగాలు ఎలాగూ ఉంటాయి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో సొంత క్లినిక్ పెట్టుకున్నవారికి ఈ మార్గం మాకంటే ఎక్కువ అవసరమేమో. వాళ్లకు చదువు సెలవు అనే మాటే లేదు, క్లినిక్ మూస్తే అద్దె ఆగదు. కుక్క కాలు విరిగితే ప్లేటు వేసే ఆపరేషన్‌లో నిజంగా చెయ్యి తిరిగిన డాక్టరు ఎవరో తెలుసుకోవడానికి యజమానికి ఇప్పుడు పక్కింటివారి మాట తప్ప ఆధారం లేదు. బ్రిటన్‌లో ఇటువంటి సర్టిఫికెట్, ప్రాక్టీసు అనుభవం ఉన్నవారిని అడ్వాన్స్‌డ్ ప్రాక్టీషనర్లుగా ఒక జాబితాలో చేర్చి ప్రజలకు అందుబాటులో పెడతారు, ఐదేళ్లకోసారి తాము ఇంకా నేర్చుకుంటున్నామని చూపించుకుంటేనే ఆ పేరు నిలుస్తుంది. ఆ జాబితా వేరు, స్పెషలిస్టుల జాబితా వేరు. మన రాష్ట్ర మండళ్ల రిజిస్టర్లలో కూడా అటువంటి మధ్యమెట్టు ఒకటి ఉండడం యజమానికీ మంచిది, ఎం.వి.ఎస్సీ. చేసినవారి గౌరవానికీ మంచిది.

ఇంకో సంగతి. నేను చదివేనాటికి మా తరగతిలో అమ్మాయిలు కొద్దిమందే, ఇప్పుడు కాలేజీలకు వెళితే సగం బెంచీల్లో వాళ్లే కనబడుతున్నారు. నా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చి, ఉద్యోగంలో చేరి, పెళ్లి, పిల్లల తరువాత పైచదువు ఆశ వదులుకున్న ఇద్దరు డాక్టరమ్మలు నాకు తెలుసు. ఇద్దరూ నాకంటే తెలివైనవారు. రెండేళ్లు ఇల్లు వదిలి హాస్టల్లో ఉండలేనివారికి పదేళ్లలో ఆరు మాడ్యూళ్లు అన్న దారి తెరిచి ఉంటే, వారి తెలివి ఈ వృత్తికి దక్కుతుంది.

మీ నుంచి రాగల సందేహాలు కొన్ని నాకు తెలుసు. తోటి డాక్టర్లతో మాట్లాడినప్పుడు ముందుగా వచ్చే మాట, కేసులు కల్పించి రాస్తారు కదా అని. ఆ ప్రమాదం ఉంది. కానీ ఇవాళ పశువు చెవికి 12 అంకెల ట్యాగు ఉంది, ఆ అంకెలతో చేసిన వైద్యం కేంద్రం నడిపే పశువుల ఆన్‌లైన్ రికార్డు భారత్ పశుధన్‌లో నమోదు చేసే వీలుంది. ప్రతి కేసుకూ ట్యాగు నంబరు, తేదీ పడిన ఫొటోలు జతచేయాలనీ, పరీక్షకులు కొన్ని కేసుల యజమానులతో మాట్లాడవచ్చనీ నియమం పెడితే కల్పన కష్టమవుతుంది. అంతకు మించి, తన చేత్తో చేయని ఆపరేషన్ గురించి మౌఖిక పరీక్షలో మూడో ప్రశ్న దాకా ఎవరూ నిలవలేరు. ముఖద్వారం అంచులు ఎలా ఉన్నాయని అడిగితే చెయ్యి పెట్టినవాడికే తెలుస్తుంది.

ఇంకొక మాట, విఫలమైన కేసును కూడా ఒకదాన్ని తప్పనిసరిగా రాయించాలి. దాని ఆధారంగా శాఖాపరమైన చర్య ఉండదన్న హామీ రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే అందరమూ బతికిన గేదెల గురించే రాస్తాం. ఈ ఒక్క విషయంలో మండలి గట్టిగా నిలబడాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

పరీక్షించడానికి ఆచార్యులకు తీరిక ఉండాలి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. బోధనా పోస్టుల ఖాళీలు మాకు తెలియనివి కావు. మాడ్యూల్‌కు ఫీజు పెట్టండి, మేము కడతాం. చదివిన ప్రతి కేసుకూ పరీక్షకుడికి గౌరవ వేతనం ఇవ్వండి. రిటైరైన ఆచార్యులు, ఏరియా ఆసుపత్రుల్లో జీవితమంతా సర్జరీ చేసి రిటైరైన సీనియర్లు మన ఊళ్లలోనే ఉన్నారు, వారిని పిలవండి. తొలి ఏడాది రెండే మాడ్యూళ్లతో, కొద్దిమందితో మొదలుపెట్టినా చాలు. దూరవిద్య ద్వారా డాక్టర్లకు పీజీ డిప్లొమాలు నడిపిన అనుభవం చెన్నైలోని తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయానికి ఉంది, దాని నుంచి నేర్చుకోవలసినదీ ఉంటుంది.

ఇంక్రిమెంటు, ప్రమోషన్‌ల ప్రస్తావన నేను కావాలనే తీసుకురాలేదు. అవి రాష్ట్ర ప్రభుత్వాలు ఆలోచించాల్సినవి, ఆలోచిస్తే సంతోషం. కానీ వాటితో ముడిపెట్టి మొదలుపెడితే సర్టిఫికెట్ కోసం చదివేవారు ముందుకు వస్తారు, కేసు కోసం చదివేవారు వెనకబడతారు. మొదటి కొన్నేళ్లు ఏ ప్రయోజనమూ లేకుండా, ఇష్టమున్నవారికే, తెరిచి ఉంచండి. వచ్చేవారు తక్కువ కావచ్చు, వచ్చినవారు మాత్రం నిలబడతారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఈ దేశంలో పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుదే, మిగిలినవారు మా పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయాలి. అంత హక్కును మాకిచ్చిన చట్టం కింద ఏర్పడిన మండలి, ఆ హక్కుకు తగినట్టు మేము ఎదిగే దారి కూడా చూపాలని అడగడం తప్పు కాదనుకుంటాను.

నా దగ్గర మూడు లాంగ్ నోట్‌బుక్కులున్నాయి. ఓ.పి. రిజిస్టరులో పట్టనివన్నీ వాటిలో రాసుకున్నాను. కొన్నింటి మీద పేడ మరకలున్నాయి, ఒకదాని అట్ట వానకు తడిసి ఊడిపోయింది. మీరు మొదటి మాడ్యూల్ ప్రకటించిన రోజున నేను పంపే మొదటి కేసు ఆ మూడో ఈత ముర్రా గేదెది. నొప్పులు మొదలైన సమయం, నేను వెళ్లిన సమయం, మెలిక విడిపోయిన సమయం, ట్రాలీ ఎక్కించిన సమయం అన్నీ అందులో ఉన్నాయి. గురువుగారు అడిగిన నాలుగో ప్రశ్నకు ఎదురుగా ఖాళీ ఉంది, దాన్ని అలాగే ఉంచి పంపుతాను. చదివేవారిని ఏర్పాటు చేయండి.

భవదీయుడు,
ఒక మండల పశువైద్యుడు,
పల్నాడు జిల్లా